పిల్లలతో బేరింగుల బండి

మా విశాఖపట్నంలో చదునైన వీధి కోసం వెతుక్కోవాలి గాని, ఏటవాలు వీధి కోసం వెతకనక్కర్లేదు. ఒకవైపు సముద్రం, మరోవైపు సింహాచలం కొండలు, మధ్యలో చిన్నా పెద్దా దిబ్బలు ఉన్న ఊరు కాబట్టి, చాలా కాలనీల్లో ఇంటి గేటు దాటగానే వీధి ఏదో ఒక పక్కకు వాలి ఉంటుంది. కూరగాయల సంచీతో ఎక్కి వచ్చేవాళ్లకు అది ప్రాణం మీదికి తెచ్చే వ్యవహారమే. చెక్క పలకకు నాలుగు బేరింగులు తగిలించి దాని మీద కూర్చుని జారిపోదామనుకునే పిల్లలకు మాత్రం ఇంతకన్నా అనువైన ఊరు దొరకదు.

లారీ షెడ్ల పక్క వీధుల్లో పెరిగిన నా తరం వాళ్లకు బేరింగుల బండి అంటే ఏమిటో వివరించాల్సిన పని లేదు. అరిగిపోయి తీసేసిన బేరింగులను మెకానిక్కుల దగ్గర బతిమాలి తెచ్చుకుని, ముందు ఒకటి, వెనుక రెండు వచ్చేటట్టు చెక్కకు బిగించి, ఒకడు కూర్చుంటే ఇంకొకడు వీపు మీద చేతులు వేసి తోసేవాడు. బేరింగు అంటే ఒకదానిలో ఒకటి ఉన్న రెండు ఉక్కు వలయాలు, వాటి నడుమ దొర్లే గుండ్లు. ఆ బయటి వలయమే చక్రంగా పనిచేసేది. సిమెంటు రోడ్డు మీద అది చేసే గోల వీధి చివరి దాకా వినిపించేది. ఇంజను లేదు, పెడలు లేదు, చాలా బండ్లకు బ్రేకు కూడా లేదు. మేం ఈ వేసవిలో చేసినది దానికే కాస్త పెద్దదైన, నాలుగు చక్రాల, బ్రేకు ఉన్న రూపం.

మా అక్క కొడుకు సెలవులకు విజయనగరం నుంచి వచ్చాడు. వాడికి పదమూడేళ్లు. మా అమ్మాయికి పన్నెండు, అబ్బాయికి తొమ్మిది. ముగ్గురూ కలిసి ఫోనులో ఏదో వీడియో చూసి, అటువంటి చెక్క కారు కావాలని పట్టుబట్టారు. కొనిపెట్టమంటే కుదరదనీ, తయారు చేస్తామంటే సామాను ఖర్చు నాదనీ చెప్పాను. దానితోపాటు ఒక ఒప్పందం కూడా చేసుకున్నాం. కొలతలు తీయడం, కోయడం, చెక్కడం, నునుపు చేయడం పూర్తిగా వాళ్ల పని. కరెంటు డ్రిల్లు మాత్రం నా చేతిలోనే ఉంటుంది. మిగిలిన ఏ పనిలోనూ వాళ్లు పిలవనిదే నేను చెయ్యి పెట్టకూడదు. ఈ మూడింటిలోనూ చివరి నియమాన్ని పాటించడమే కష్టం. పిల్లవాడు రంపాన్ని వంకరగా లాగుతుంటే పక్కన కూర్చుని చూడడానికి ఎంత ఓపిక కావాలో, ఆ స్థితిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

బేరింగుల కోసం గాజువాక దగ్గరి ఆటోనగరుకు వెళ్లాం. పాత బేరింగులు అమ్మే కొట్లో గోనెసంచుల నిండా అన్ని పరిమాణాలవీ కలిసిపోయి ఉంటాయి. వాటిలో మనకు కావలసినది ఎలా పట్టుకోవాలని పిల్లలు బిక్కమొహం వేస్తే, కొట్టు యజమాని ఒక బేరింగును గుడ్డతో తుడిచి, దాని అంచు మీద చెక్కిన నాలుగంకెలు చూపించాడు. 6205 అని ఉంది. "సివరి రెండంకెల్నీ ఐదుతో హెచ్చెయ్యండి బాబూ, బొక్క సైజు వచ్చేస్తాది" అన్నాడు. ఐదు ఐదుల ఇరవై ఐదు. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి చూస్తే సరిగ్గా అంతే ఉంది. ఈ సూత్రం 04 నుంచి పైకి పనిచేస్తుంది. అంతకన్నా చిన్నవాటికి 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17 మిల్లీమీటర్లని విడిగా గుర్తు పెట్టుకోవాలి. మొదట ఉన్న 6 ఒకే వరుస గుండ్లున్న మామూలు రకాన్ని తెలుపుతుంది. దాని తరువాతి అంకె ఆ బేరింగు ఎంత బలిష్ఠమైనదో చెబుతుంది. 6205కు బయటి వ్యాసం 52 మిల్లీమీటర్లయితే, అదే రంధ్రం ఉన్న 6305కు 62.

ఈ సంగతి తెలిసిన తరువాత పిల్లలను ఆ కొట్లోంచి బయటికి తీసుకురావడం నా వల్ల కాలేదు. ఒక్కొక్క సంచిలో చెయ్యి పెట్టి నంబరు చదవడం, రంధ్రం ఎంతో చెప్పడం, కొలిచి చూడడం వాళ్లకు ఆటైపోయింది. ఎక్కాల పుస్తకం ముందు ఆవలించే మా అబ్బాయి ఐదో ఎక్కాన్ని అంత ఉత్సాహంగా అప్పజెప్పగా నేను మునుపెన్నడూ చూడలేదు. చివరికి నాలుగూ 6305లే ఏరుకున్నారు. కారణం కూడా వాళ్లే చెప్పారు: ఇరుసు లావు పెంచకుండానే చక్రం పెద్దదవుతుంది. ఏరేటప్పుడు లోపలి వలయాన్ని వేళ్లతో పట్టుకుని బయటి వలయాన్ని తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. గరగరమంటే లోపల ఇసుక చేరిందని అర్థం, కడిగితే పోవచ్చు. తిరుగుతూ తిరుగుతూ ఒకే చోట పట్టినట్టు ఆగితే గుండ్లు గాని గాడి గాని దెబ్బతిన్నట్టు; దాన్ని ఎంత కడిగినా లాభం లేదు.

కలప పాత ఇళ్లు పడగొట్టిన సామాను అమ్మే చోట దొరికింది. పాత తలుపు నుంచి వచ్చిన టేకు పలక ఒకటి, నాలుగడుగుల పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్నది, బండికి వెన్నెముకగా తీసుకున్నాం. ఇరుసులకు ద్వారబంధం నుంచి వచ్చిన మద్దికర్ర తీసుకున్నాం. కొత్త కలపకన్నా ఇలాంటి పని కోసం పాత కలపే మేలని నా నమ్మకం. ఏళ్ల తరబడి ఎండి ఉంటుంది కాబట్టి ఇక వంకర తిరగదు. అయితే అందులో కనబడని మేకులుంటాయి. పిల్లల చేతికి రంపం ఇచ్చే ముందు ఒక అయస్కాంతాన్ని చెక్క మీద నెమ్మదిగా జరిపి ఎక్కడెక్కడ పట్టుకుంటుందో చూసి, సుద్దతో గుర్తులు పెట్టించి, ఆ మేకులన్నీ పటకారుతో ఊడబెరికించాను.

కోత మొదలుపెట్టే ముందు మా అమ్మాయి వరండా గచ్చు మీద బండిని అసలు కొలతలతో సుద్దముక్కతో గీసింది. పై నుంచి చూసినట్టు ఒక బొమ్మ, పక్క నుంచి చూసినట్టు ఒక బొమ్మ. పక్క బొమ్మ గీసినప్పుడే ఒక చిక్కు బయటపడింది. మా దగ్గరున్న మద్దికర్ర రెండున్నర అంగుళాల చదరం, అంటే సుమారు 63 మిల్లీమీటర్లు. చక్రం వ్యాసం 62. ఇరుసు నట్టనడుమ చక్రం బిగిస్తే, చక్రం కన్నా ముందు ఇరుసే నేలకు ఆనుతుంది. బండి ఒక్క అంగుళం కూడా కదలదు. పోనీ మందం రెండంగుళాలకు తగ్గిస్తే నేలకూ ఇరుసుకూ మధ్య ఆరు మిల్లీమీటర్లు మిగులుతుంది. వీధిలో చిన్న గులకరాయి కూడా అంతకన్నా ఎత్తుంటుంది. ఒకటిన్నర అంగుళానికి తగ్గిస్తే పన్నెండు మిల్లీమీటర్లు మిగులుతుంది, కాని చెక్క బలం తగ్గుతుంది. ముగ్గురూ చాలాసేపు వాదించుకుని, మందం ఒకటిన్నర అంగుళం చేసి వెడల్పు మాత్రం రెండున్నరే ఉంచాలని తేల్చారు. కాగితం మీద చిన్నదిగా గీసి ఉంటే ఆ సంగతి బహుశా బిగింపు దాకా తెలిసేది కాదు. అందుకే ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు నేల మీద అసలు కొలతలతో గీయించమని గట్టిగా చెబుతాను.

చెక్కను ఆ మందానికి తేవడానికి చిత్రిక పట్టాలి. మద్దికర్ర గట్టిది, పిల్లల చేతులకు లొంగలేదు. వీధి చివర వడ్రంగం పని చేసే మేస్త్రిగారి దగ్గరికి పిల్లలే వెళ్లి అడిగారు. ఆయన తన చిత్రిక ఇచ్చి, దాని అలుగు ఎంత బయటికి ఉండాలో, చెక్క నార ఏ వైపుకు పోతోందో చూసి ఆ వైపుగానే ఎందుకు తోయాలో చూపించి, మళ్లీ తన పనిలో పడ్డారు. నారకు ఎదురు తోస్తే చెక్క పెచ్చులు లేస్తుంది. నార వెంట తోస్తే పొట్టు ఉంగరాలుగా చుట్టుకుంటూ వస్తుంది. ఆ పొట్టు ఎంత పలుచగా తీయగలరనేది ముగ్గురి మధ్యా పోటీ అయింది. ఆయన దగ్గరే వాళ్లు "నూలు" అనే కొలత కూడా నేర్చుకున్నారు. అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ తరువాత మా ఇంట్లో పెన్సిలు పొడవు దగ్గర నుంచి అన్నీ నూళ్లలోనే పలికాయి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టినది ఇరుసు కొసల పని. నలుచదరంగా ఉన్న చెక్క చివరను 25 మిల్లీమీటర్ల గుండ్రటి కొయ్యగా చెక్కి, దాని మీదికి బేరింగు బిగుతుగా ఎక్కేలా చేయాలి. వదులైతే చక్రం ఊగుతుంది, మరీ బిగుతైతే చెక్క పగులుతుంది. ముందు కొస మీద వృత్తం గీసి, నాలుగు మూలలూ ఉలితో తీసి ఎనిమిది పలకలు చేయాలి. తరువాత ఆ ఎనిమిది మూలలూ తీసి పదహారు చేయాలి. ఆపైన ఆకురాయితో గుండ్రం చేయాలి. ఎక్కడ ఇంకా తీయాలో కంటికి కనిపించదు. అందుకు మెకానిక్కులు వాడే ఉపాయం ఒకటుంది. బేరింగు లోపలి రంధ్రానికి పెన్సిలు గీకిన పొడి పూసి, కొయ్య మీద కొంచెం ఎక్కించి, తిప్పి తీయాలి. కొయ్య మీద నల్లగా అంటుకున్న చోట్లే ఎత్తుగా ఉన్నాయన్నమాట. వాటిని మాత్రమే గీకాలి. మళ్లీ ఎక్కించాలి, మళ్లీ తీయాలి. మా మేనల్లుడు దూకుడు మనిషి. ఒక కొసను ఎక్కువ చెక్కేసి, వదులైపోయాక దిగులుపడ్డాడు. అతుకు వేద్దామా, కొత్త ఇరుసు చేద్దామా అని నన్నడిగితే, బండి నీదని మాత్రమే అన్నాను. వాడు కాసేపు గొణుక్కుని కొత్త చెక్క తీసుకున్నాడు.

ఈ ఇరుసుల తతంగమంతా మా నాన్నగారిని వరండాలోకి రప్పించింది. ఆయన చిన్నప్పుడు ముంజికాయలు తిన్నాక మిగిలిన బుర్రలు రెండింటిని పుల్లతో కలిపి, పంగలకర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగిన మనిషి. ఎడ్లబండికి ఇరుసు కొసన చక్రం ఊడిపోకుండా చీల ఎలా కొడతారో, గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన ఎలా తయారు చేసి పెడతారో ఆయన పిల్లలకు వివరంగా చెప్పారు. "తాతయ్యా, మన బండికీ చీల పెడదాం" అన్నాడు మా అబ్బాయి. మరనట్టు పెట్టాలనుకున్న చోట నిజంగానే చీల పెట్టాం. కొయ్య కొసకు అడ్డంగా చిన్న రంధ్రం వేసి, పెద్ద వాషరు తొడిగి, లావుపాటి మేకును దూర్చి కొస వంచాం. చూడడానికి మోటుగా ఉన్నా, సుత్తి ఒక్కటి ఉంటే ఎవరైనా విప్పి మళ్లీ బిగించగలిగే పద్ధతి అది.

బేరింగును కొయ్య మీదికి దిగగొట్టేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. సుత్తితో బయటి వలయం మీద కొడితే, ఆ దెబ్బ గుండ్ల గుండా లోపలి వలయానికి చేరుతుంది. గుండ్లు గాడిలో చొట్టలు పెడతాయి. కాబట్టి లోపలి వలయం మీద మాత్రమే ఆనే ఇనప గొట్టం ముక్క పెట్టి, ఆ గొట్టం మీద కొట్టాలి. అలాగే గుండ్రటి కొయ్య మొదలయ్యే చోటి చదరపు అంచుకూ బేరింగుకూ మధ్య పలుచని వాషరు ఒకటి వేయాలి. అది లేకపోతే బయటి వలయం చెక్కకు రాసుకుని బండి కదలనని మొరాయిస్తుంది. ఈ రెండూ ఆటోనగరు కొట్టు యజమాని అడగకుండానే చెప్పి పంపించిన మాటలు. ఆయన చెప్పకపోతే మాకు తట్టేవి కావు.

వెనుక ఇరుసు పలకకు సరిగ్గా అడ్డంగా ఉండాలి. కొంచెం వంకరైనా బండి ఒక పక్కకే లాగుతుంది. మూలమట్టం పెట్టి చూస్తే సరిపోదు. నాలుగడుగుల పొడవులో మూలమట్టానికి అందని తేడా కూడా పెద్దదవుతుంది. ముందు బోల్టు రంధ్రం నుంచి వెనుక ఇరుసు రెండు కొసలకూ దారంతో కొలిచి, రెండు దూరాలూ సమానమయ్యేదాకా ఇరుసును జరిపారు. ఇది మా అమ్మాయి బడిలో చదివిన సమద్విబాహు త్రిభుజమే. ఆ సంగతి నేను చెప్పలేదు, తనే గుర్తుపట్టింది.

ముందు ఇరుసు పలకకు నట్టనడుమ ఒకే బోల్టుతో బిగుస్తుంది. అది తిరిగితేనే బండి మలుపు తిరుగుతుంది. అరంగుళం లావు బోల్టు, చెక్కకూ చెక్కకూ మధ్య రెండు పెద్ద వాషర్లు, వాటి నడుమ కొంచెం గ్రీజు, కింద ఒకదాని మీద ఒకటి రెండు నట్లు వాడాం. ఒకే నట్టు పెడితే ఇరుసు తిరిగిన కొద్దీ వదులవుతుంది. ఇరుసు రెండు కొసలకూ తాడు కట్టి చేతిలో పట్టుకున్నాం. కాళ్లు ఇరుసు మీదే ఆనుతాయి. ఇక్కడ చూసేవాళ్లకు నవ్వు తెప్పించే తిరకాసు ఒకటుంది. కుడి తాడు లాగితే బండి కుడికి తిరుగుతుంది, సరే. కాలితో తిప్పేటప్పుడు కుడికి వెళ్లాలంటే ఎడమ కాలిని ముందుకు తొయ్యాలి. మొదటిసారి కూర్చున్న ప్రతివాడూ కుడికి పోవాలని కుడి కాలే తోస్తాడు, బండి ఎడమకు పోతుంది. ఇది చదును నేల మీద, ఒకరు వెనుక నుంచి నెమ్మదిగా తోస్తుండగా బాగా అలవాటయ్యాకే వాలు మీదికి వెళ్లాలి. ముందు ఇరుసు మరీ ఎక్కువ తిరగకుండా పలక కింద రెండు పక్కలా చిన్న చెక్కముక్కలు అడ్డుగా కొట్టించాను. వేగంగా పోతూ ఇరుసును పూర్తిగా తిప్పేస్తే బండి బోల్తా పడుతుంది. ముప్పై డిగ్రీలకు మించి తిరగాల్సిన అవసరమే ఉండదు.

బ్రేకు లేనిదే వాలు ఎక్కేది లేదని మొదటే చెప్పాను. దీని గురించి ముగ్గురూ మూడు రకాల ఆలోచనలు చేశారు. చెప్పు మడమతో ఆపుదామన్నది మా అబ్బాయి సలహా. చెప్పులు కొనేది నేను కాబట్టి అది అక్కడే ఆగిపోయింది. పక్కన ఒక కర్ర పెట్టి నేలకు అదుముదామన్నాడు మేనల్లుడు. ఒక పక్కనే పట్టుకుంటే బండి ఆ పక్కకు గిర్రున తిరగదా అని మా అమ్మాయి అడిగింది. చివరికి పలక నడుమ సన్నటి సందు కోసి, అందులోంచి ఒక గట్టి కర్ర దూర్చి, అడ్డంగా బోల్టు వేశాం. బోల్టుకు పైన పదిహేనంగుళాలు, కింద మూడంగుళాలు ఉండేలా చూసుకున్నాం కాబట్టి, పైన చేత్తో లాగిన బలం కింద ఐదింతలవుతుంది. కింది కొసకు పాత టైరు ముక్క మేకులతో కొట్టాం. ఆ కొస మామూలుగా వెనక్కి వాలి పైకి లేచి ఉంటుంది. పిడిని మన వైపు లాగితే కొస ముందుకు జరిగి నేలకు ఆనుతుంది. బండి ముందుకు పోతుంటే రోడ్డు ఆ ముక్కను వెనక్కే నెడుతుంది కనుక, చెయ్యి వదలగానే బ్రేకు తనంతట తానే లేచిపోతుంది. దీన్నే తిరగేసి, పిడిని ముందుకు తోస్తే పట్టుకునేలా పెడితే, రోడ్డు ఆ ముక్కను ఇంకా లోపలికి లాక్కుని ఒక్కసారిగా పట్టేస్తుంది. కూర్చున్నవాడు ముందుకు పడతాడు. కాబట్టి ఆ పద్ధతి ఎవరూ పెట్టకూడదు.

పని మధ్యలో మా మేనల్లుడికి ఇంజను మీద మోజు పుట్టింది. "మావయ్యా, పాత మోపెడ్ ఇంజను పెడితే పోలా?" అన్నాడు. ఇంజనుతో నడిచే చిన్న పందెపు బండి, గో-కార్టు, పుట్టింది అలాగే మరి. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రపు ఇంజను బిగించి మొట్టమొదటి దానిని తయారు చేశాడు. కాని ఇంజను వచ్చిన మరుక్షణం అది పెద్దవాళ్ల బండి అయిపోతుందని నా అభిప్రాయం. పెట్రోలు, గొలుసు, వేడి, వేగం వీటిలో ఏ ఒక్కదాన్నీ తొమ్మిదేళ్ల పిల్లవాడి చేతికి ఇవ్వలేం. వాడు చూస్తూ నిలబడాల్సిందే.

ఇంజను లేకపోయినా పెద్దలు బండిని లాక్కోగలరనడానికి అమెరికాలో పెద్ద ఉదాహరణ ఉంది. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో 1933లో మైరన్ స్కాట్ అనే పత్రికా ఫొటోగ్రాఫరు, పిల్లలు పాత పెట్టెలతో చేసుకున్న బండ్లతో పందెం ఆడుతుండగా చూశాడు. దాని నుంచే సోప్ బాక్స్ డెర్బీ అనే, ఇంజను లేని బండ్ల పిల్లల పందెం పుట్టింది. మరుసటి ఏడు 1934లో దేశస్థాయి పోటీ జరిగింది, 1935లో అది అదే రాష్ట్రంలోని అక్రన్ నగరానికి మారింది, అక్కడ ఆ పందెం కోసమే ప్రత్యేకంగా ఒక వాలు బాట కట్టారు. ఆడపిల్లలను 1971 దాకా రానివ్వలేదు. రానిచ్చిన నాలుగేళ్లకే, 1975లో, కారెన్ స్టెడ్ అనే పదకొండేళ్ల అమ్మాయి గెలిచింది. ఆ నడుమ 1973లో గెలిచిన పద్నాలుగేళ్ల అబ్బాయి బండి ముక్కులో విద్యుదయస్కాంతం దాచి ఉందని బయటపడింది. బయలుదేరే చోట బండ్లను ఆపి ఉంచే ఇనప పలక ముందుకు పడిపోయేటప్పుడు, ఆ అయస్కాంతం దాని వెంట బండిని లాగేదట. తల వెనక్కి ఆనిస్తే స్విచ్చి పడేలా అమర్చారు. వెనుక ఉన్నది ఆ అబ్బాయి మామ. బహుమతి తీసేసుకున్నారు. ఈ కథ చెప్పగానే మా మేనల్లుడు నా వైపు అదోలా చూసి, "నువ్వు డ్రిల్లు పట్టుకోవడం కూడా తప్పేనేమో మావయ్యా" అన్నాడు. పిల్లవాడి గెలుపు మీద పెద్దవాడికి అంత ఆరాటం ఎందుకన్నది నాకిప్పటికీ అంతుపట్టదు. బ్రెజిలులో మన బండిలాంటి బేరింగుల బండ్లనే "రొలిమా" అంటారు. వాటితో అక్కడి పిల్లలు వాలు వీధుల్లో జారుతారు. నాకు అక్రన్ కన్నా ఆ పద్ధతే దగ్గరగా అనిపిస్తుంది.

బండి ఎంత వేగంగా పోతుందో ముందే తెలుసుకోవాలనుకున్నాం. మా కాలనీలో వాహనాలు రాని, చివర కొంచెం ఎదురెక్కుడు ఉన్న చిన్న వీధి ఉంది. దాని ఎత్తు తేడాను తాపీమేస్త్రులు వాడే నీటి గొట్టంతో కొలిచారు. పారదర్శకమైన ప్లాస్టిక్కు గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే నీళ్లు రెండు వైపులా ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడి నుంచి నేలకు ఉన్న దూరాల తేడాయే ఎత్తు. వీధి పొడవుకు గొట్టం చాలక, మధ్య మధ్య గుర్తులు పెట్టుకుంటూ ముక్కలు ముక్కలుగా కొలిచి కలిపారు. మొత్తం దాదాపు ఒక మీటరు వచ్చింది. రాపిడి అసలే లేదనుకుంటే ఒక మీటరు దిగిన వస్తువుకు సెకనుకు 4.4 మీటర్ల వేగం, అంటే గంటకు 16 కిలోమీటర్లు వస్తుంది. అంతకు మించి రాదు. రెండు మీటర్లు దిగితే వేగం రెట్టింపు కాదు, గంటకు 22 కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది. ఈ లెక్కలో కూర్చున్నవాడి బరువు ఎక్కడా లేకపోవడం పిల్లలకు చాలా అనుమానాస్పదంగా తోచింది. ఫోనులో వీడియో తీసి చివరి ఐదు మీటర్లకు పట్టిన సమయాన్ని లెక్కిస్తే, నిజంగా వచ్చిన వేగం గంటకు పది కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంది. మిగిలినది గచ్చు గరుకూ, చప్పుడూ తినేశాయి.

చప్పుడు గురించి కొంత చెప్పాలి. ఉక్కు వలయం సిమెంటు మీద దొర్లితే వచ్చే గోలకు ఎదురింటి పెద్దాయన మధ్యాహ్నపు నిద్ర చెడిపోయింది. ఆయన వచ్చి కోప్పడతారనుకుంటే, ఉదయం ఎండ ముదరకముందు ఆడుకోమని సలహా చెప్పి, చక్రాలను వంగి పరీక్షించి, వెళ్లేముందు బ్రేకు పట్టి చూశారు. ఉదయం ఆట మొదలుపెట్టే ముందు వీధిని చీపురుతో ఊడవడం నియమమైంది. అది శుభ్రత కోసం కాదు. 62 మిల్లీమీటర్ల చక్రానికి చిన్న రాయి అడ్డమొచ్చినా బండి ఠక్కున ఆగి, మనిషి మాత్రం ముందుకు పోతాడు. పెద్ద సైకిలు చక్రం అదే రాయిని లెక్కచేయదు. హెల్మెట్, బూట్లు, మోచేతులకు పట్టీలు లేకుండా ఎవ్వరినీ కూర్చోనివ్వలేదు. మోకాలి చర్మం లేచిపోయిన సందర్భం మాత్రం ఒకటి వచ్చింది. అది బండి మీద కాదు, బండి వెనుక పరిగెత్తుతూ పడడం వల్ల.

ఉక్కు చక్రానికి ఇంకో గుణం కూడా ఉంది. రబ్బరులా అది నేలను పట్టుకోదు. మలుపులో వెనుక భాగం పక్కకు జారుతుంది. కొందరు పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టమంటారు గాని, వేగం అందుకోగానే అది పక్కకు ఊడి వచ్చేస్తుంది. పిల్లలైతే ఆ జారుడే కావాలన్నారు. వెనుక ఇరుసు రెండడుగుల పొడవుండడం, కూర్చునే చోటు నేలకు అంగుళాల ఎత్తులోనే ఉండడం వల్ల జారినా బండి ఒరగలేదు.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. మా ఊరి ఉప్పుగాలికి బేరింగు ఒక్క వారం పట్టించుకోకపోతే తుప్పు పడుతుంది. అందుకని ఆడడం ఆపిన రోజునే మేకులు వంపు తీసి, నాలుగింటినీ విప్పి, నేను డీజిలులో కడిగి ఆరబెట్టాను, పిల్లలు గ్రీజు దట్టించి పాత వార్తాపత్రికలో చుట్టి పెట్టారు. చెక్కకు రెండు పూతలు వార్నీషు వేశారు. మేనల్లుడు విజయనగరం వెళ్లిపోయి, అక్కడ తనదైన బండి పనిలో పడ్డాడు. వాళ్ల వీధి మట్టిది. అక్కడ బేరింగులు దిగబడిపోతాయి కాబట్టి పిల్లల సైకిలు చక్రాలు రెండు సంపాదించాడు. వాటిని కూడా మన ఇరుసుకులాగే ఒక పక్క నుంచి తగిలిద్దామనుకుంటున్నానని ఫోనులో చెప్పాడు. సైకిలు చక్రం ఇరుసు సన్నది. రెండు వైపులా ఆనిక ఉంటేనే బరువు మోస్తుంది, ఒక పక్క నుంచి వేలాడదీస్తే వంగిపోతుంది. అంటే ప్రతి చక్రానికీ రెండు పక్కలా చెక్క ఉండేలా చట్రమంతా వేరేగా గీయాలి. మా అమ్మాయి వరండాలో పాత బొమ్మను తడిగుడ్డతో తుడిచేసి దాన్ని గీస్తోంది. కొలతలు వాట్సాపులో పోతున్నాయి, నూళ్లతో సహా.